హిందీలో నేను చెప్పిన అబద్ధం

పదిహేడేళ్ళుగా ఇది నా గుండెల మీద బండలా ఉంది. చర్చిలో మోకాళ్ళ మీద ఉండి కూడా చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో నేను గుర్గావ్‌లో పెద్దవాళ్ళ నివాసం ఒకదానిలో నర్సుని. మెట్రో ఇంకా అక్కడిదాకా రాలేదు. దాన్ని ఎవరైనా వృద్ధాశ్రమం అంటే మా మేనేజరుకు ఒళ్ళు మండేది. ఓపిక ఉన్నవాళ్ళకు కింద వంటగది, బాల్కనీ ఉన్న ఫ్లాట్లు. మతి తప్పినవాళ్ళకు నాలుగో అంతస్తు. అక్కడ తలుపులకు తాళాలు. తమను ఎక్కడ పైకి పంపేస్తారోనని కిందివాళ్ళందరికీ భయం.

శారదమ్మ గారు కింద ఉండేవారు. సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసరు గారి భార్య. భర్త పోయారు, పిల్లలు లేరు. పక్షవాతం వచ్చి తగ్గాక, నలభై ఏళ్ళు ఢిల్లీలో మాట్లాడిన హిందీ ఆమె నోట పలకడం మానేసింది. ఎవరైనా మాట్లాడితే అర్థమయ్యేది గానీ, జవాబు తెలుగులోనే వచ్చేది. మతి మాత్రం చెక్కుచెదరలేదు. అక్కడ తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఆమెను నాకు అప్పగించారు. ఆమె ఏం చెప్పినా డాక్టరుకు నేనే హిందీలో చెప్పాలి.

చలికాలం. ఆ ఉదయం ఇద్దరు నర్సులు డ్యూటీకి రాలేదు. స్నానాలన్నీ నా ఒక్కదాని నెత్తిన పడ్డాయి. శారదమ్మ గారు స్నానాల గదిలో స్టూలు మీద కూర్చుని, చెంబు ఎత్తిన నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆమె నన్ను తిట్టిందనో, చులకన చేసిందనో రాయొచ్చు. రాస్తే మీరు నమ్ముతారు కూడా. కానీ ఆమె అన్నది ఒక్కటే.

"ఇంకాస్త ఆగమ్మా, నీళ్ళు చల్లగా ఉన్నాయి."

నేను ఆ చేతిని మెలితిప్పాను. చెంప మీద కొట్టాను. ఆమె నిర్ఘాంతపోయి నా మొహంలోకి చూశారు. ఆ చూపు భరించలేక ఇంకా గట్టిగా కొట్టి, రెండు చేతులతో గోడకేసి తోశాను. తల టైల్సుకు కొట్టుకుని, స్టూలు మీంచి కింద పడ్డారు. మణికట్టు ఒంటి కింద పడి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. తెల్ల జుట్టులోంచి రక్తం కారి, నీళ్ళలో కలిసి, తూములోకి పోయింది.

ఎందుకంత కోపం? పనా? నిద్ర చాలకపోవడమా? అదే పని, అదే నిద్రలేమితో బతికే మిగతా నర్సులు ఎవరినీ కొట్టలేదు కదా? అన్నిటికన్నా కష్టమైన మాట ఇప్పుడే చెప్పేస్తాను. రెండోసారి కొట్టినప్పుడు నాకు హాయిగా అనిపించింది.

జారి పడ్డారని రిజిస్టరులో రాసేశాను. మధ్యాహ్నం చేతికి కట్టు కట్టాక డాక్టరు, మేనేజరు, ఢిల్లీ పక్కనున్న ఇందిరాపురం నుంచి వచ్చిన ఆమె మరిది కొడుకు మంచం చుట్టూ నిలబడ్డారు. అతను ఢిల్లీలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు ముక్క రాదు. ఆమె బాగున్న చేత్తో నన్ను చూపించారు.

"నేను జారిపళ్ళేదండీ. ఈ అమ్మాయి నన్ను కొట్టి తోసేసింది. నా మతి బాగానే ఉంది బాబూ, నన్ను పైకి పంపకండి."

"క్యా బోల్ రహీ హై, సిస్టర్?" అన్నాడు డాక్టరు, ఆమె ఏమంటున్నారని.

"నన్ను వాళ్ళ అత్తగారు అనుకుంటున్నారు సర్. అత్తగారు కొట్టిందంటున్నారు," అని హిందీలో చెప్పాను.

"దాదీ పోయి ఎన్నేళ్ళయిందో," అని నాయనమ్మను తలుచుకుని ఆ అబ్బాయి తల పట్టుకున్నాడు.

ఆమెకు నా హిందీ అంతా అర్థమైంది. పక్కనున్న స్టీలు గ్లాసు తీసి నా మీదికి విసిరారు. అరిచారు, మంచం దిగబోయారు. ఇంకేం కావాలి వాళ్ళకు? అందరం కలిసి ఆమెను అదిమిపట్టి ఇంజెక్షను ఇచ్చాం. కాళ్ళు పట్టుకున్నది నేనే. ఆ అబ్బాయి కాగితాల మీద సంతకం పెట్టి, నేను లేకపోతే పెద్దమ్మ మాట ఎవరికీ తెలిసేది కాదంటూ చేతులు జోడించాడు. నేను కూడా జోడించాను.

నాలుగో అంతస్తులో ఆమె దగ్గరికొచ్చిన ప్రతి ఆయానూ కొట్టారు, కరిచారు. బాగున్న చేతిని మంచం కడ్డీకి బ్యాండేజీతో కట్టేశారు. తోలు ఊడిపోయేలా ఆమె దాన్ని లాక్కునేవారట. నన్ను చూస్తే రెచ్చిపోతారని చెప్పి నేను పైన డ్యూటీ తప్పించుకున్నాను. దాంతో ఆమె అరుపుల్లో ఒక్క మాటైనా అర్థమయ్యే మనిషి అక్కడ లేకుండా పోయింది. మెట్ల దగ్గర నిలబడి నేను విన్నాను. "నాకు పిచ్చి లేదు" అని అరిచేవారు. నాలుగు నెలలు అరిచి, చనిపోయారు.

ఆ అరుపులు వింటూ మెట్లు ఎక్కి తలుపు తీయించి ఉంటే? ఉద్యోగం పోయేది, జైలుకు వెళ్ళేదాన్నేమో. ఆమె తన బాల్కనీలోకి తిరిగి వచ్చేవారు. నేను మాత్రం కిందికి దిగి, పక్క ఫ్లాటులో బీపీ చూశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. శారదమ్మ గారికి మతి తప్పలేదు. ఆమె జారి పడలేదు. ఆమెను కొట్టింది నేను.