మా బావ ఎక్కిన మెట్లు

మొన్న కంచరపాలెంలో మందుల షాపు గుమ్మం దగ్గర ఒక పెద్దాయన లోపలికి రాబోయి ఉన్నట్టుండి ఆగిపోయారు. మోకాళ్ళు వణుకుతున్నాయి, అడుగు మాత్రం లేవడం లేదు. వెనకున్నవాళ్ళు దారిమ్మని తొందరపెడుతున్నారు. నేను వెళ్ళి నా కాలు ఆయన పాదాల ముందు అడ్డంగా పెట్టి, "కంగారేం లేదు, నా కాలు దాటండి" అన్నాను. దాటేశారు. దాటి, "డాక్టరుగారా?" అని అడిగారు. కాదండీ, మా బావ దగ్గర నేర్చుకున్నాను అన్నాను.

మా బావంటే మా అక్క భర్త. పద్మనాభం వైపు వరి పండించే ఇంట్లో పుట్టి, పోర్టులో క్రేను ఆపరేటరైన మనిషి. ఓడలోంచి టన్నుల బరువు లేపి, పసిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు నేలకు దించేవాడని తోటివాళ్ళు చెప్పుకునేవారు. ఇంట్లో మాత్రం మా అక్క ఆయన చేతికి గాజు గ్లాసు ఇచ్చేది కాదు. క్రేను లేకుండా ఆయనకు ఏదీ పట్టుకోవడం రాదని ఆవిడ నమ్మకం.

యాభై దాటాక ఆయనకు మొదట వాసన పోయింది. మా అక్క ఎండు నెత్తళ్ళ చేపలు వేయిస్తే వీధి చివరివాళ్ళకు తెలిసేది, పక్కనే కూర్చున్న ఆయనకు తెలిసేది కాదు. తర్వాత సంతకం చీమ తలంత అయింది. నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం మానేసింది. ముఖంలో నవ్వు కనబడటం మానేసింది. కూతురికి ఉద్యోగం వచ్చాక గర్వం తలకెక్కిందని చుట్టాలు అనుకున్నారు. ఒక పెళ్ళిలో ఆయన తూలి పందిరి గుంజ పట్టుకుంటే, ఎవరో "పొద్దున్నే ఏసేసినాడ్రా" అన్నారు. ఆ మాట నమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను. పక్కకు తీసుకెళ్ళి, "తాగుతన్నావా బావా?" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు కూడానా" అన్నాడు, అంతే.

చివరికి మా అక్కే పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు బావను నడిపించి, వేళ్ళు ఆడించమని, నాలుగు వాక్యాలు రాయించి చూసి, పార్కిన్సన్స్ జబ్బు అన్నాడు. "వణుకు లేదు కదండీ" అన్నాను, తెలిసినవాడిలా. అందరికీ వణుకే ముందు రాదని, కదలికలను నడిపే రసాయనం మెదడులో తగ్గిపోతుందని, పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదుగానీ వేళకు మాత్రలు, రోజూ వ్యాయామం ఉంటే చాలాకాలం బాగా బతకవచ్చని ఓపిగ్గా చెప్పాడు. నాకు ఆ పెళ్ళి పందిరి గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

మర్నాడే బావ, ఎవరూ అడక్కముందే, పై అధికారి దగ్గరికి వెళ్ళి క్రేను ఎక్కనని చెప్పేశాడు. తొందరపడ్డావేమో అని నేనంటే, "నా సెయ్యి మీద నాకే నమ్మకం లేకపోతే, కింద నిలబడ్డోళ్ళ గతేటి బావా?" అన్నాడు. మిగిలిన సర్వీసంతా కొత్తవాళ్ళకు పని నేర్పుతూ గడిపాడు.

ఇంటిని మా అక్క నడిపింది. మాత్రకీ అన్నానికీ మధ్య అరగంట ఉండాల్సిందే, చుట్టాలొచ్చినా సరే. గొంతు సన్నబడుతోందని రోజూ పేపరు గట్టిగా చదివించేది. రాజకీయాల మీద ఆయన వ్యాఖ్యానాలు కూడా వీధంతా వినాల్సి వచ్చేది. కొన్నేళ్ళకు గుమ్మాల దగ్గర కాళ్ళు నేలకు అతుక్కుపోవడం మొదలైతే, గచ్చు మీద ఎర్ర టేపు ముక్కలు అంటించింది. గీత కనిపిస్తే అడుగు పడేది.

అలాంటి రోజుల్లో ఆయన సింహాచలం మెట్లెక్కుతానన్నాడు. "ఇంట్లో గుమ్మం దాటలేవు, కొండెక్కుతావేటి!" అని మా అక్క అరిచింది. వ్యాయామం చేయించే అమ్మాయి మాత్రం, కొందరికి చదును నేల కన్నా మెట్లే తేలికని, మాత్ర పనిచేసే వేళలో, ముందొకరు వెనకొకరు ఉండి ఎక్కించమని చెప్పింది.

మా అక్క ముందు, నేను వెనక ఉండేటట్టు ఒప్పుకుని, పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. ఆటో దిగిన చోటే ఆయన ఆగిపోయాడు. ఎలాగో మొదటి మెట్టు దాకా తీసుకొచ్చాం. అక్కణ్ణించి కాలు లేచింది. ఒకటి, మరొకటి. గట్టిగా లెక్కపెడుతూ ఎక్కాడు. "మెట్టు తనే రమ్మంతంది బావా" అన్నాడు. వెనక నేను రొప్పుతున్నాను. రెండుసార్లు ఆయనే నాకోసం ఆగి, "కూకో, తొందరేటి?" అన్నాడు. చిన్నపిల్లలు మమ్మల్ని దాటిపోయారు, ముసలమ్మలు దాటిపోయారు. ఆయన ఎవరినీ చూడలేదు.

పైకి చేరాక మా అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, బావ కదలని ముఖంతో ఆవిడ వైపు తిరిగి, "నాను నవ్వుతన్నాను, కనబడతందా?" అన్నాడు. "కనబడతంది" అంది మా అక్క. నాకూ కనబడింది. అప్పుడే ఆయన చెయ్యి పట్టుకుని, ఏళ్ళుగా గొంతులో ఉన్న మాట అడిగాను: "ఆ పెళ్ళిలో అన్న మాట మర్సిపోతావా బావా?" ఆయన నా చెయ్యి నొక్కాడు.

ఆ కొండ ఎక్కడానికి మాకు ఒక పూట పట్టింది. నా అరవై ఏళ్ళలో అంత నెమ్మదిగా, నన్నంత గర్వపడేలా చేస్తూ గడిచిన పూట మరొకటి లేదు.