సుగుణమ్మ గారి పొయ్యి వెనక టైల్స్

1976 వేసవి. గవర్నర్‌పేటలో నేను టైల్స్ దుకాణం పెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. కాస్త కలిగిన ఇళ్ళల్లోకి గ్యాసు పొయ్యి వస్తున్న రోజులవి. అంతవరకు కింద కూర్చుని వండినవాళ్ళు లేచి నిలబడాల్సి వచ్చింది. నిలబడి వండాలంటే గట్టు కావాలి, గట్టు వెనక గోడకు నూనె మరకలు పట్టకుండా టైల్స్ కావాలి. ఆ టైల్స్ వరసను మా వ్యాపారంలో డాడో అంటాం. చాలామంది గట్టుకు కడప బండ వేయించి, డాడోకు తెల్ల టైల్స్ కొనుక్కుని పోయేవారు. అందులో ఎంచడానికేమీ లేదు. రాయికి తగ్గ రంగు వెతికిపెట్టమని ఎవరైనా అడిగితే మాత్రం నాకు పండగే. రంగులు కలపడంలో నన్ను మించినవాడు బెజవాడలో లేడని నా నమ్మకం. నా నమ్మకమే, ఇంకెవరూ అనలేదు.

పామర్రు నుంచి రత్నం మాస్టారు, ఆయన భార్య సుగుణమ్మ గారు వచ్చింది ఆ వేసవిలోనే. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. తువ్వాలులో చుట్టి తెచ్చిన రాతి ముక్కను బల్ల మీద పెట్టారు. గ్రానైట్. నీలం ఛాయ ఉన్న బూడిద రంగు, మంచి పాలిష్. అప్పట్లో వంటింట్లో గ్రానైట్ చాలా అరుదు.

"ఎక్కడ దొరికిందండీ?" అన్నాను.

"మా బావమరిది గుంటూరులో సమాధి రాళ్ళు చెక్కుతాడండీ. ఒక పలక మిగిలితే పంపించాడు. సమాధి రాయి మీద పులుసు కాస్తారా అని చర్చిలో అందరూ ఒకటే నవ్వు," అన్నారు మాస్టారు.

సుగుణమ్మ గారికి ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆవిడకు చెవులు వినపడవని మాస్టారు ముందే చెప్పారు. పెళ్ళయిన రెండేళ్ళకు టైఫాయిడ్ వచ్చి వినికిడి పూర్తిగా పోయిందట. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకునేవారు. చక్కగా మాట్లాడేవారు, గొంతు మాత్రం కాస్త పెద్దది. ఊక పొయ్యి పొగకు కళ్ళు మండి వాచిపోయి, మనుషుల పెదవులు చూడడమే కష్టమవుతోందని మాస్టారు నానా అవస్థా పడి గ్యాసు కనెక్షన్ సంపాదించారు.

నేను రాయిని వెలుతురులో తిప్పి చూసి, లేత నీలం గ్లేజ్డ్ టైల్, అంటే పైన గాజు పూత ఉండే టైల్, దాని పక్కన పెట్టాను. అతికినట్టు సరిపోయింది. సుగుణమ్మ గారు తల అడ్డంగా ఊపారు. దుకాణమంతా తిరిగి కింది అరలోంచి ఒక టైల్ తీసుకొచ్చారు. కాఫీ గింజ రంగు, మెరుపు లేనిది. రెండేళ్ళుగా ఎవరూ ముట్టని సరుకు.

"పొయ్యి వెనక ఇది వెయ్యండి," అన్నారు.

అమ్ముడుపోని సరుకు తనంతట తాను కదిలితే వ్యాపారస్తుడు నోరు మూసుకోవాలి. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అరవైపు తిరిగి నీలం టైల్స్ పెట్టె దింపుతూ మాస్టారితో అన్నాను: "ఆడవాళ్ళకి మసి కనపడకూడదని ఉంటుందండీ. గ్యాసుకి మసెక్కడిది? అంత మంచి రాయికి ఈ మట్టిరంగు పెడితే చూసినవాళ్ళు నవ్విపోతారు. నా మాట వినండి."

మాస్టారికి బస్సు వేళవుతోంది. "సరే, మీకు తెలిసినంత మాకేం తెలుసండీ," అన్నారు. నా వీపు తప్ప ఏమీ కనపడని సుగుణమ్మ గారికి ఇందులో ఒక్క ముక్క అందలేదు. కాఫీ రంగు టైల్ పట్టుకుని అలాగే నిలబడ్డారు. నీలం పెట్టెలు పామర్రులో దిగిన రోజే ఆవిడకు సంగతి తెలిసిందని తర్వాత విన్నాను.

జూలై నెలాఖరులో ఇద్దరూ మళ్ళీ వచ్చారు. సుగుణమ్మ గారికి కనుబొమ్మలు లేవు. నుదుటి దగ్గర జుట్టు కాలిపోయి ఉంది. కంటి డాక్టరు దగ్గరి నుంచి వస్తున్నామన్నారు మాస్టారు.

జరిగింది ఇది. ఆవిడ పులుసు దించి, పాలగిన్నె పెట్టి, మంట సిమ్‌లో, అంటే బాగా సన్నగా పెట్టి, కింద కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతున్నారు. కిటికీ గాలికి మంట ఆరింది. గ్యాసు బుసబుసలాడితే మనకు వినిపిస్తుంది. ఆవిడకు మంట కనిపించాలి. కింద కూర్చుని చూసేవాళ్ళకు మంట వెనక ఉండేది గోడే. పట్టపగలు, నీలం గోడ ముందు నీలం మంట ఉన్నా లేకపోయినా ఒకటే. చేపల పులుసు ఘాటులో గ్యాసు వాసన తెలియలేదు. పాలు ఎంతకీ పొంగడం లేదేమిటని లేచి, దగ్గరగా వంగి మంట ఆరిందని చూసి, అప్పటికే గ్యాసు నిండిందని తెలియక అగ్గిపుల్ల గీశారు. భగ్గుమంది.

"చూపు దక్కిందన్నాడు డాక్టరు. నేను రెగ్యులేటర్ ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. మళ్ళీ ఊక పొయ్యే. నేను బడికెళితే ఇంట్లో తనొక్కతే ఉంటుంది కదండీ," అన్నారు మాస్టారు. "ఆ కాఫీ రంగు టైల్స్ ఇంకా ఉన్నాయేమో అడగమంటోంది. వాటితో ఏదో మారుతుందని నాకైతే నమ్మకం లేదు."

"తప్పు నాదేనండీ మాస్టారూ," అన్నాను.

"నాకు చెబుతారేంటండీ? ఆవిడకి చెప్పండి."

సుగుణమ్మ గారి వైపు తిరిగి చెప్పాను. ఆవిడ నా పెదవులు చివరిదాకా చూశారు.

"పొయ్యి ఇంటికొచ్చిన రోజే చూసుకున్నానండీ. వెనకాల తెల్లగుడ్డ కట్టి చూశాను, నల్లగుడ్డ కట్టి చూశాను. నల్లగుడ్డ ముందే మంట తెలిసింది. ఆ రోజు చెబుదామంటే మీరు అటు తిరిగిపోయారు," అన్నారు. "ఆ ఊక పొగలో ఇంకో ఏడాది కూర్చుంటే ఈ కళ్ళు కూడా ఉండవు. నాకున్నవి ఇవేనండీ."

గొంతు పెద్దది కాబట్టి దుకాణంలో ఉన్న నలుగురూ విన్నారు. సిగ్గుతో తల దించుకోబోయి, దించితే నా మాట ఆవిడకు అందదని ఆగాను. "ఉన్నాయమ్మా. నేనే వచ్చి వేయిస్తాను," అన్నాను.

వారం లోపే తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని పామర్రు వెళ్ళాను. పొయ్యి వెనక ఉన్నంత మేర నీలం టైల్స్ ఊడగొట్టించి కాఫీ రంగువి వేయించాను. సిమెంటు ఆరనిచ్చి మూడో రోజు మళ్ళీ వెళ్ళాను. కొత్త చొక్కాకు మాసిక వేసినట్టు ఎబ్బెట్టుగానే ఉంది.

మాస్టారు బీరువా తీసి రెగ్యులేటర్ తెచ్చి తనే బిగించారు. "పరీక్ష పెడతాను. తప్పితే మళ్ళీ బీరువాలోకే," అన్నారు భార్యతో. సుగుణమ్మ గారు కత్తిపీట దగ్గర కూర్చుని కాకరకాయలు తరుగుతున్నారు. మాస్టారు పొయ్యి పక్కన నిలబడి సన్న మంట పెట్టి, ఆవిడ తల వంచినప్పుడు చూసి ఆపేవారు.

"ఆరింది," అనేవారు సుగుణమ్మ గారు, తలెత్తగానే. మళ్ళీ వెలిగించి, మళ్ళీ ఆపితే, మళ్ళీ "ఆరింది."

ఒకసారి ఆయన ఆపినట్టు ఊరికే చెయ్యి తిప్పారు.

"వెలుగుతూనే ఉంది. నా దగ్గర మాస్టారు వేషాలెయ్యకండి," అన్నారావిడ.

ఎనిమిదిసార్లు పెట్టినా ఒక్కటీ తప్పలేదు. తర్వాత మాస్టారు మంట వెనక రెండు నీలం టైల్స్ నిలబెట్టి, నన్ను కత్తిపీట దగ్గర కూర్చోమన్నారు. పొయ్యికి అడ్డం నిలబడి, కాసేపటికి పక్కకు తప్పుకున్నారు. నేను కళ్ళు చికిలించి చూశాను. "వెలుగుతోందండీ," అన్నాను. ఆపేశారట.

మాస్టారు బీరువా తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టారు. మధ్యాహ్నం బడికి వేళయింది. సైకిల్ నడిపించుకుంటూ గేటు దాకా వెళ్ళి ఆగారు. నేను పక్కనే ఉన్నాను. లోపల పొయ్యి వెలుగుతోంది, సుగుణమ్మ గారు ఒక్కరే ఉన్నారు. ఆయన సైకిలెక్కలేదు. కిటికీలోంచి ఆవిడ బయటికి చూసి, "వెళ్ళండి, గంట కొట్టేస్తారు," అన్నారు. అప్పుడు కదిలారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు దుకాణం నడిపాను. గ్రానైట్ ఊరూరా వచ్చింది, టైల్స్‌లో లెక్కలేనన్ని రంగులొచ్చాయి. రాయికి మ్యాచింగ్ చూపించమని వచ్చినవాళ్ళను మొదట నేనడిగేది, వండేదెవరు, వాళ్ళు వచ్చారా అని. రాకపోతే వాళ్ళను తీసుకురమ్మని తిప్పి పంపేవాణ్ణి. కొందరికి కోపం వచ్చి వేరే కొట్టుకు పోయారు. పోనివ్వండి. ఆ ఒక్క మాట అడగాలని ఒక మనిషి మొహం కాలితే గానీ నాకు తట్టలేదు.