పన్నెండో పేరు

మా తెలుగు బడి ఆదివారం ఉదయం రెండు గంటలు మాత్రమే బడి. మిగతా వారమంతా అది కమిటీ. మేముండే ఈ చిన్న ద్వీపదేశంలో, తూర్పు చివర టాంపినీస్‌లో ఒక తరగతి, జురాంగ్ ఈస్ట్‌లో ఒకటి, బుకిట్ బటోక్‌లో ఒకటి. జీతం తీసుకోని టీచర్లు ముగ్గురు, వాళ్ళ మీద పెద్దలం ఏడుగురం. పాఠం చెప్పేవాళ్ళ కంటే పెత్తనం చేసేవాళ్ళు ఎక్కువగా ఉన్నారని మా ఆయన ఎగతాళి చేస్తే నాకు ఒళ్ళు మండేది. ఆ కమిటీకి నేను కార్యదర్శిని. నేను రాసిన మినిట్స్‌లో అక్షరదోషం దొరకదని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

ఇక్కడి బళ్ళలో మన పిల్లలు రెండో భాషగా హిందీయో తమిళమో చదువుతారు. తెలుగు ఉండదు. అది నేర్పాలంటే మనమే గది వెతుక్కోవాలి, మనమే పుస్తకాలు తెప్పించుకోవాలి. పిల్లల ఫీజులు, ఉగాది భోజనాల రోజు పెద్దమనసున్నవాళ్ళు ఇచ్చే విరాళాలు, ఇవే మా ఆధారం. విరాళం ఇచ్చినవాళ్ళు ఏడాదికోసారి నివేదిక అడుగుతారు. ఎంతమంది చేరారు, ఎంతమంది నేర్చుకున్నారు అని. అడగడంలో తప్పు లేదు. అందుకే రెండేళ్ళ కింద ఒక నియమం పెట్టుకున్నాం. ఏ కేంద్రంలోనైనా పిల్లలు పన్నెండు మంది కంటే తగ్గితే దాన్ని పక్క కేంద్రంలో కలిపేయాలి. ఆ తీర్మానాన్ని చక్కటి తెలుగులో రాసింది నేనే.

ఏడాది చివర చదువు పరీక్ష పెడతాం. టీచరు ఒక్కొక్కరినీ పిలిచి పాఠంలో ఒక పేజీ చదివిస్తుంది, మార్కులు వేస్తుంది. ఆ ఏడు బుకిట్ బటోక్ టీచరమ్మ పరీక్ష ముగించిన రోజే బెంగళూరు వెళ్ళాల్సి వచ్చింది. వాళ్ళ చెల్లెలికి ఆపరేషన్. విమానాశ్రయం నుంచి రిజిస్టరు పేజీని ఫోటో తీసి నాకు పంపింది. ఫోటోలో పై వరస తెగిపోయింది. ఏ గడి దేనికో కనిపించడం లేదు. నేనప్పుడు ఆఫీసుకి వెళ్ళే రైల్లో, నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్లో ఆ పేర్లన్నీ పట్టికలోకి ఎక్కిస్తున్నాను. పదకొండు పేర్ల ఎదురుగా మార్కులున్నాయి. పన్నెండో పేరు ఎదురుగా మార్కు లేదు. ఒకే ఒక్క మాట ఉంది.

రాదు.

అంతకు ముందు రోజే టాంపినీస్ రిజిస్టరు చూశాను. అందులో హాజరు గడిలో ‘వస్తోంది’, ‘మానేశాడు’ అని రాసి ఉంది. ఆ ఊపులోనే దీన్నీ చదివాను. మార్కు లేదు, పైగా రాదు. అంటే ఈ పిల్ల మానేసిందన్నమాట అనుకున్నాను. ఆ పేరున్న వరసను తీసేశాను. తల్లిదండ్రుల గ్రూపులోంచి ఆ ఇంటివాళ్ళ నంబరు కూడా తీసేశాను. నేను ఏ పనీ సగంలో వదిలే మనిషిని కాదు. స్టేషన్ రాకముందే పని పూర్తయింది, హాయిగా అనిపించింది.

సర్వసభ్య సమావేశంలో మా అధ్యక్షుడు బుకిట్ బటోక్ ఫలితాలు చదివాడు. చదివిన పదకొండు మందీ పాసయ్యారు. మూడు కేంద్రాల్లో అలాంటి ఫలితం దానిదొక్కటే. అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత అంశం, పిల్లలు పదకొండు మందే ఉన్నారు కాబట్టి ఆ కేంద్రాన్ని జురాంగ్ ఈస్ట్‌లో కలపడం. దానికీ చేతులెత్తాం. అన్నిటికంటే బాగా చదివిన తరగతిని చప్పట్లు కొట్టి మరీ మూసేస్తున్నామన్న ఆలోచన ఆ పూట ఒక్కరికీ రాలేదు. టీ చల్లారకముందే అయిపోయింది.

మినిట్స్ గ్రూపులో పెట్టిన మర్నాడు బెంగళూరు నుంచి టీచరమ్మ ఫోన్ చేసింది. ఆవిడది విజయనగరం. గొంతు ఎప్పుడూ పెంచదు.

“పదకొండేటమ్మా? పన్నెండు మంది కదా మా పిల్లలు?”

“ఒకమ్మాయి మానేసిందని మీరే రాశారు కదండీ, రాదు అని.”



“చదవడం రాదు అని రాసేనమ్మా. క్లాసుకి రాదని కాదు. అది ఒక్క ఆదివారం మానలేదు, తెలుసా? వానొచ్చినా వచ్చేది.”

నాకు తల తీసేసినట్టయింది. తెలుగు నేర్పే బడికి కార్యదర్శిని, ‘రాదు’ అన్న మాట తప్పుగా చదివాను. మన భాషలో మనిషీ వస్తాడు, చదువూ వస్తుంది, రెండిటికీ ఒకటే మాట. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే.

టీచరమ్మ ఆ పిల్ల గురించి అప్పుడు చెప్పింది. వాళ్ళు మనలా ఉద్యోగాలకి నిన్నో మొన్నో వచ్చినవాళ్ళు కాదు. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి పడవలో వచ్చిన కుటుంబం. తండ్రి బస్సు డ్రైవరు, తల్లికి ఫ్యాక్టరీలో షిఫ్టులు. నాయనమ్మ మా గది ఉన్న అపార్టుమెంటు బ్లాకుకి ఎదురుగా కాఫీ షాపులో ఒక భోజనం స్టాలు దగ్గర కూరలు తరుగుతుంది. మనవరాల్ని క్లాసులో కూర్చోబెట్టి పనిలోకి వెళ్ళి, క్లాసు వదిలే వేళకి పరుగున వచ్చి తీసుకెళ్తుంది. ఆ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఇప్పుడు ఆవిడ ఒక్కతే. తనతోనే అది ఆగిపోతుందేమోనని ఆవిడ దిగులు. పిల్ల బళ్ళో తమిళం చదువుతుంది కాబట్టి అందులో లేని మన ఒత్తక్షరాల దగ్గర నాలుక తడబడుతుంది, అందుకే పరీక్షలో బిగుసుకుపోయింది. “ఇంకొక్క మూడు నెలలుంటే నేర్పేద్దును” అంది టీచరమ్మ.

ఆ సాయంత్రమే అధ్యక్షుడికి ఫోన్ చేశాను. మంచివాడే, గుంటూరు మనిషి, బ్యాంకులో పెద్ద ఉద్యోగం.

“అయ్యో, అలా జరిగిందా అండీ. కానీ రిజల్యూషన్ పాసైపోయింది కదా. రూము యోగా వాళ్ళకి ఇచ్చేశారంట. అయినా ఎంత దూరమండీ, ఒక్క స్టేషనే కదా!”

ఆ ఒక్క స్టేషను ఆ నాయనమ్మకి ఎంత దూరమో చెప్పాను. పిల్లని రైల్లో దింపి వచ్చి, మళ్ళీ వెళ్ళి తెచ్చుకుంటే పని పోతుందని చెప్పాను. ఆయన సానుభూతిగా విన్నాడు. అంతలో కోశాధికారి కూడా లైన్లోకి వచ్చాడు. ఆ పాపను కలిపితే ఉత్తీర్ణత శాతం మారుతుంది, నివేదిక దాతలకు వెళ్ళిపోయింది, ఇప్పుడు సవరణ పంపితే కమిటీ మీద నమ్మకం పోతుంది అన్నాడు. “వచ్చే ఏడు చూద్దాం లెండి మేడమ్” అని ఇద్దరూ అన్నారు.

నేను పట్టుబట్టలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. పట్టుబడితే మళ్ళీ సమావేశం పెట్టాలి, అందరి ముందూ తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. అక్షరదోషం లేని నా మినిట్స్ నాకు ఆ పిల్ల కంటే ఎక్కువైపోయాయి.

పదకొండు ఇళ్ళకీ సందేశం పంపాను. బుకిట్ బటోక్ గది తలుపుకి ఒక కాగితం కూడా అంటించి వచ్చాను. పన్నెండో ఇంటి నంబరు నా దగ్గర లేదు, టీచరమ్మ దగ్గరున్న నంబరుకి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. “నువ్వే వెళ్ళి చెప్పమ్మా, ఆదివారం అక్కడే దొరుకుతారు” అంది టీచరమ్మ. మొదటి ఆదివారం ఇంటికి చుట్టాలొచ్చారని వెళ్ళలేదు. రెండో ఆదివారం వానన్నాను. మూడో ఆదివారం చెప్పుకోవడానికి సాకు దొరక్క, టాంపినీస్ నుంచి ఆ చివరికి రైలెక్కాను.

మా గదిలో యోగా నడుస్తోంది. బయట బ్లాకు కింద, చదరంగం గళ్ళున్న రాతిబల్ల దగ్గర ఇద్దరు కూర్చుని ఉన్నారు. అరవై దాటిన ఒక సన్నటి మనిషి, చేతికి ప్లాస్టిక్ సంచీ తగిలించుకుని ఉంది. పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల. పిల్ల ముందు మా తెలుగు వాచకం తెరిచి ఉంది. 

“ఏటమ్మా, ఈ వారం కూడా క్లాసు నేదా?” అని ఆవిడే పలకరించింది. నన్ను ఎప్పుడో ఉగాది భోజనాల్లో చూసిందట.

“మీరు... ప్రతి వారం వస్తున్నారా?”

“రాకేటి? తలుపుకి కాయితం అంటించినారు కదా. నాకు సదువు రాదు. ఈ గుంటే సదివింది.”

నేను పిల్ల వైపు తిరిగాను. ఆ పిల్ల లేచి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడింది. వేలు పెట్టి, తొందర లేకుండా చదివింది.

“బుకిట్ బటోక్ కేంద్రం, జురాంగ్ ఈస్ట్ కేంద్రంలో, విలీనమైనది. విద్యార్దులు గమనించగలరు.”

థ ఒక్కటి ద అయింది. మిగతా అంతా సరిగ్గా చదివింది. మొదటి ఆదివారం సగం వచ్చిందట, రెండో ఆదివారం ఇంకొంచెం, ఇవాళ మొత్తం. మూడు వారాలుగా ఆ కాగితమే వాళ్ళ పాఠం.

“గమనించమన్నారు కదా,” అంది నాయనమ్మ. “అందుకే వారం వారం వచ్చి గమనిస్తన్నాం.”

ఆవిడ వెటకారం చేయడం లేదు. కాగితం ఏం చెయ్యమంటే అది చేశారంతే.

“ఆంటీ, విలీనం మీన్స్ వాట్?” అంది పిల్ల. “అవ్వ ఆల్సో డోంట్ నో.”

“అంటే... ఇక్కడ ఇంక క్లాసు ఉండదమ్మా.”

పిల్ల మళ్ళీ కాగితం వైపు చూసింది, నా వైపు చూసింది. “దెన్ వై యూ నెవర్ రైట్ లైక్ దట్?”

“పెద్దోళ్ళనలా అడక్కూడదే” అని నాయనమ్మ కసిరింది. ‘ఇక్కడ ఇంక క్లాసు ఉండదు’ అని రాస్తే సరిపోయేది. ఇన్నేళ్ళుగా తీర్మానాలు రాస్తున్నాను, చదివేవాళ్ళకి అర్థం కావాలన్నది ఒక నియమంగా ఎప్పుడూ పెట్టుకోలేదు.

రాతిబల్ల దగ్గర కూర్చుని జరిగింది మొత్తం చెప్పాను. ఈసారి సంస్కృతం లేకుండా చెప్పాను. పన్నెండు మంది ఉండాలన్న నియమం గురించి, రిజిస్టరు గురించి, నేను తప్పుగా చదివి పేరు తీసేసిన సంగతి గురించి. తర్వాత తెలిసి కూడా గట్టిగా అడగలేదని కూడా చెప్పాను. తప్పు నాదే, క్షమించండి అన్నాను. తిడుతుందని చూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది.



“అంటే, ఈ గుంట పేరొకటి ఉంటే క్లాసు ఉండీదా?”

“ఉండేదండీ.”

“మిగతా పదకొండు మంది పిల్లలకీ కూడానా?”

“అందరికీ ఉండేదండీ.”

ఆవిడ ముఖం ఒక్కసారిగా విప్పారింది. మనవరాలి భుజం మీద చెయ్యేసి దగ్గరికి లాక్కుంది. “ఇన్నావే? నువ్వుంటేనే క్లాసంట. నువ్వు నేకపోతే ఎవ్వురికీ క్లాసు నేదంట. అంత పెద్దదానివి నువ్వు!”

ఆ పిల్ల నిటారుగా కూర్చుని, నేను అవునంటానేమోనని నా ముఖంలోకి చూసింది. అవునన్నాను. అప్పుడు నవ్వింది. ఆవిడ సంచీ సర్దుకుని, పనికి వేళయిందని లేచి, నాకు నమస్కారం కూడా పెట్టింది.