జీపుకు జ్వరం చార్టు

నర్సు ట్రైనింగు అయ్యాక నాకు మొదటి పోస్టింగు ఉట్నూర్‌లో వచ్చింది. కరీంనగర్‌లో మగ్గం మీద కూర్చున్న బాపు ఆ మాట విని నాడె విసిరే చెయ్యి ఆపేశాడు. "గా అడివిల ఎట్లుంటవు బిడ్డా? పులులుంటయట," అన్నాడు. నాకక్కడ పులి ఒక్కసారీ కనబడలేదు. నన్ను సతాయించింది మా దవాఖానా జీపు.

అది యుద్ధంలో తిరిగొచ్చిన మిలిటరీ బండి. దాన్ని నడిపే ఆయనా యుద్ధంలో తిరిగొచ్చినవాడే. యాభై దాటిన మనిషి, గుబురు మీసాలు, నలగని ఖాకీ. అందరం డ్రైవర్ సాబ్ అని పిలిచేవాళ్లం. లోకంలో ఏం జరిగినా ఆయన బర్మాలో అంతకుముందే చూసేసి ఉండేవాడు.

ఆ ఎండాకాలం నుంచి జీపు ఇంజన్ వేడెక్కడం మొదలైంది. కాసేపు బాగానే పోయేది. ఉన్నట్టుండి బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మేది. డ్రైవర్ సాబ్ దిగి, గోనెపట్టా కప్పి రేడియేటర్ మూత తిప్పి, ఒక్క గెంతులో రోడ్డు అవతల పడేవాడు.

"బర్మాల గిట్లనే అయ్యేది," అన్నాడొకసారి, మీసాల మీది నీళ్లు తుడుచుకుంటూ.

"ఆడ ఏం చేసిండ్రు మరి?" అని ఆశగా అడిగాను.

"బండి ఇడిసిపెట్టి నడిసినం."

ఆదిలాబాద్ మిస్త్రీ మొదట ఫ్యాను బెల్టు బిగించాడు. రెండోసారి రేడియేటర్‌ను సోడా నీళ్లతో కడిగాడు. మూడోసారి ఇంజన్‌లోంచి ఏదో ఇత్తడి బిళ్ల ఊడదీసి, "ఇగ మీకు ఫికర్ లేదు," అన్నాడు. తిరుగుదారిలో ఊరి పొలిమేర దాటకముందే బండి మరిగింది. మా డాక్టరుగారు మాత్రం పరీక్ష ఏదీ అవసరం లేకుండానే, "ముసలిదైంది, అంతే," అని తేల్చేశారు.

నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు. జ్వరాల గురించి కొంచెం తెలుసు. ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది అన్నది చూడకుండా జ్వరం పేరు చెప్పకూడదని మాకు నేర్పారు. వార్డులో వాడే చార్టు కాగితం ఒకటి అట్టకు అంటించి జీపులో పెట్టుకున్నాను. పది నిమిషాలకోసారి వేడి చూపించే సూది ఎక్కడుందో, బండి ఎలా పోతోందో రాయసాగాను.

డ్రైవర్ సాబ్‌కు రోషం వచ్చింది. "గిదేమన్న పేషెంటా సిస్టరమ్మా?"

"పేషెంటు గాదా మరి?"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు నేను సంచిలో ఏదో వెతుక్కుంటుంటే ఆయనే, "నూటతొంబై. రాసుకోండ్రి," అన్నాడు.

పది రోజుల చార్టు చూస్తే నాకే వింతగా అనిపించింది. అడవి బాటల్లో, గుంతల్లో, నత్తలా పాకినంతసేపు సూది కదలదు. మంచి రోడ్డు మీద హాయిగా పరుగెత్తితే చాలు, జ్వరం వచ్చేస్తోంది. ఎందుకో అర్థం కాలేదు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున ఒక పెద్దావిడ తొలిచూలు కోడలిని తీసుకొచ్చింది. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉంది. నొప్పులు ఇంకా మొదలుకాలేదు కనుక వెంటనే ఆదిలాబాద్ తీసుకుపొమ్మన్నారు డాక్టరుగారు. గుడిహత్నూర్ దాటి తారురోడ్డు ఎక్కగానే డ్రైవర్ సాబ్ జోరు పెంచాడు. కాసేపటికే ఆవిరి. ఆగిపోయాం.

వెనక నుంచి అత్తగారు తొంగిచూసి, "ఏందయ్యా, నీ బండికి సుత నొప్పులొస్తున్నయా?" అంది.

నవ్వు రాలేదు నాకు. భయమేసింది. కోడలిని మోదుగు నీడలో పడుకోబెట్టి, ఇంజన్ చల్లారాక నీళ్లు పోయించి, బానెట్ ఎత్తి నిలబడ్డాను. జోరు మీదే జ్వరమని చార్టు చెప్పింది కదా. "డ్రైవర్ సాబ్, బండి కదపకుండ ఇంజన్ జోరుగ తిప్పుండ్రి."

ఇంజన్ గొంతు పెంచింది. రేడియేటర్ అడుగు నుంచి ఇంజన్‌కు నీళ్లు పట్టుకుపోయే రబ్బరు గొట్టం నా కళ్లముందే లోపలికి పీల్చుకుపోయి చపాతీలా అతుక్కుపోయింది. వార్డులో మెత్తబడ్డ రబ్బరు ట్యూబులు ఇలాగే చేస్తాయి. గట్టిగా లాగితే మూసుకుపోతాయి. "గొట్టం! గొట్టం మూసుకపోయింది!" అని అరిచాను.

ఆయన పెడల్ మీంచి కాలు తీసి ఉరికొచ్చాడు. అప్పటికి గొట్టం గుండ్రంగా, అమాయకంగా ఉంది.

"మంచిగనే ఉన్నది గద!"

మళ్లీ పోయి తొక్కాడు. మళ్లీ అరిచాను. మళ్లీ ఉరికొచ్చాడు. మూడోసారికి ఆయనకు నా మీద జాలి కలిగింది. "మీకు ఎండ తాకింది సిస్టరమ్మా. జర నీడకు కూసోండ్రి."

నేను నీడకు పోలేదు. పోయి ఆయన సీట్లో కూర్చున్నాను. "ఏది తొక్కాలె?"

"కుడిపక్కది. ఇంకేది ముట్టకుండ్రి!"

తొక్కాను. ఆ కంగారులో మోచెయ్యి హారన్ మీద పడింది. బానెట్ కింద తలపెట్టిన మనిషి ఎగిరిపడ్డాడు, తల ఠంగుమంది. ఆ పైన మెల్లగా, "ఇడువుండ్రి... తొక్కుండ్రి... మల్ల ఇడువుండ్రి," అని వినబడింది. చివరికి టోపీ చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఒక ముచ్చట. ఎవలకు చెప్పకుండ్రి. ఎండకాలంల పాత గొట్టం పగిలితె నేనే కొత్తది ఏసిన. పాతదాంట్ల ఒక స్ప్రింగు ఉండె. తుప్పు పట్టింది. రబ్బరు గొట్టంల స్ప్రింగెందుకని పారేసిన."

"బర్మాల ఉండెనా స్ప్రింగు?"

"బర్మాల నేను గొట్టం ఇప్పలే," అన్నాడు నేలచూపులు చూస్తూ.

కట్టెల బండి తోలుకుపోతున్న రైతును ఆపి గొడ్డలి అడిగాం. దాని కామకు జీపులో ఉన్న ఇనుప తీగ చుట్టలు చుట్టలుగా బిగించి చుట్టి, జారదీసి, గొట్టం ఊడదీసి అందులో దూర్చి, మళ్లీ బిగించి నీళ్లు పోశాడు డ్రైవర్ సాబ్. తీగ ఒక కొన అత్తగారు పట్టుకుంది. "గట్టిగ లాగు, నీకు తిండి లేదా?" అని ఆయన్ని గదమాయించింది కూడా. కోడలు హాయిగా నిద్రపోయింది.

ఈసారి ఎంత తొక్కినా గొట్టం చెక్కుచెదరలేదు. ఆదిలాబాద్ దాకా సూది నూటఎనభై దాటలేదు. నేను ఒక కన్ను సూది మీద, ఒక చెయ్యి కోడలి కడుపు మీద పెట్టుకుని కూర్చున్నాను. పొద్దుగూకకముందే ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీబిడ్డా క్షేమమని చెబితే డ్రైవర్ సాబ్ మొహం పక్కకు తిప్పుకుని, చాలాసేపు అద్దం తుడిచాడు.

వారం తర్వాత తల్లీబిడ్డను చూడటానికి ఆదిలాబాద్ పోయినప్పుడు దవాఖానా వాకిట్లో ఆయన నలుగురు డ్రైవర్లకు ఈ కథ చెప్పడం విన్నాను. "సిస్టరమ్మ పట్టింది. నేను ఆమెను సీట్ల కూసోబెట్టి చూసిన," అంటున్నాడు. స్ప్రింగు సంగతి అందులో లేదు. నేనూ నోరు విప్పలేదు. ఇన్నేళ్లకు ఇక్కడ రాస్తున్నందుకు ఆయన మన్నించాలి.

వాళ్లలో ఒకాయన చేతులు కట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "అమ్మా, మా లారీ ఊకె దగ్గుతున్నది. జర చూస్తరా?"

నాకు లారీలు తెలియవని చెప్పాను. అయినా కాళ్లు ఆగలేదు. వెనక పొగగొట్టం దగ్గర వంగి, వినడానికి చెవి పెట్టాను. సరిగ్గా అప్పుడే ఆయన ఇంజన్ స్టార్ట్ చేశాడు. తెల్ల చీర, తెల్ల టోపీ, సగం మొహం మసి. స్నానం చేసొస్తే తప్ప వార్డులో అడుగు పెట్టనిచ్చేది లేదని అక్కడి హెడ్ నర్సు గుమ్మంలోనే ఆపేసింది.