కబురొచ్చిందమ్మా

బాగలూరులో గులాబీల కాడలు కత్తిరించే షెడ్డులో పనిచేసిన రోజుల్లో మేం ఆడవాళ్లం మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టేవాళ్లం కాదు. మగవాళ్ల ముందు లేచి బాత్రూముకు పోవాలంటే సిగ్గు.

చివరికి నాకు మూత్రంలో మంట మొదలై, ఊరికూరికే బాత్రూముకు పరుగెత్తాల్సి వచ్చింది. మా పని చూసే మేస్త్రమ్మే నన్ను హోసూరులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. మూత్రాశయం నిండి సాగితే దాని లోపలి పొర ఒక రసాయనం వదిలి నరానికి కబురు పెడుతుందని, నీళ్లు తాగకపోతే ఆ పొర రేగి నిండకముందే కబుర్లు పెడుతుందని డాక్టరమ్మ చెప్పింది. నాకన్నా మేస్త్రమ్మే శ్రద్ధగా విన్నది.

మర్నాటి నుంచి ఆమె కత్తెర పక్కన పెట్టి, షెడ్డంతా వినబడేలా "కబురొచ్చిందమ్మా, పోయొస్తా" అని నడిచేది. మేం తలలు వంచుకుని నవ్వేవాళ్లం.

ఒకరోజు పూలు కొనేవాళ్లను వెంటబెట్టుకుని యజమాని వచ్చాడు. ఆమె మామూలుగానే కత్తెర పెట్టేసింది.

"ఐదు నిమిషాలు ఓర్చుకోమ్మా," అన్నాడాయన.

"నేను ఓర్చుకుంటానప్పా, లోపలి పొర ఓర్చుకోదే!"

నేనూ కత్తెర దించి, "నాకూ వచ్చిందప్పా," అన్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఇంకో ఆరుగురు వస్తున్నారు.

ఉన్నది ఒక్కటే బాత్రూము. ఆ వరస చూసిన యజమాని నెలలోపే ఇంకోటి కట్టించాడు. రిబ్బను కోసింది మేస్త్రమ్మే, గులాబీలు కోసే కత్తెరతోనే.