చివరి అధ్యాయం దొంగ

మా వదినకు అనుమానం. ఎవరిమీద అని అడక్కండి, ఎవరిమీద లేదో చెప్పడమే తేలిక.

ఆవిడ ప్రేమ నవలలు రాస్తుంది. ఇప్పటికి నలభై రెండు. వాటిలో అమ్మాయి, ముక్కూమొహం తెలియనివాణ్ణి బస్సులో చూసి జీవితాంతం నమ్మేస్తుంది. ఈవిడ మాత్రం ఇరవై ఏళ్లుగా పాలు పోస్తున్నవాణ్ణి ఇంకా గుమ్మం దాటనివ్వదు.

మొదటి నవల వారపత్రికలో వస్తుండగా చివరి అధ్యాయాన్ని ఎవరో కాజేసి వేరే పత్రికకు ఇచ్చేశారట. అప్పట్నుంచీ ఏ నవలకైనా చివరి అధ్యాయాన్ని ఒకే ప్రతి రాసి, వంటగిన్నెలో దాస్తుంది.

"దొంగవెధవలు బీరువాలు వెతుకుతారే, గిన్నెల మూతలు తీస్తారా?"

ఓసారి తనే మరిచిపోయి అందులో నీళ్లు పోసి పొయ్యిమీద పెట్టింది. పెళ్లితో ముగియాల్సిన ఆ నవల విషాదాంతమైంది. పాఠకులు తెగ మెచ్చుకున్నారు.

మా ఆయన, అంటే ఆవిడ తమ్ముడు, చనిపోయిన నెలకి ఆవిడ మా ఇంటికి వచ్చింది.

"నా చివరి అధ్యాయం పోయిందే. నీమీదే అనుమానం."

"కూడబలుక్కుని చదివేదాన్ని, నాకెందుకు వదినా?"

"అదే! నిన్నెవరూ అనుమానించరని నీ ధీమా."

తిన్నగా వంటింట్లోకి పోయి మూతలన్నీ తీసింది. అన్నీ ఖాళీ. ఒక్కదానికి వంటేమిటని నేను పొయ్యి వెలిగించి రెండు రోజులైంది.

"సాక్ష్యాలు మాయం చేశావన్నమాట!" అని, తన క్యారేజీ అక్కడే మరిచిపోయి వెళ్లింది. అన్నం ఇంకా వేడిగానే ఉంది. మర్నాడు ఆ క్యారేజీ దొంగిలించానని వచ్చింది.

అప్పట్నుంచీ రోజూ పదకొండింటికి సోదా. ఖాళీ గిన్నె కనిపిస్తే గంటసేపు విచారణ. ఆ పోరు పడలేక ఏదో ఒకటి వండడం మొదలుపెట్టాను.

ఓరోజు ఆవిడ గిన్నెలో తల పెట్టి ఉండగా ఆవిడ ఫోన్ మోగితే నేనే తీశాను. పత్రిక సంపాదకుడు.

"కొత్త నవల ఎప్పుడిస్తారో అడగండమ్మా."

"పాతదాని చివరి అధ్యాయం ఇంకా దొరకలేదండీ."

"అదేమిటి? అచ్చయి మూడు నెలలైంది. పెళ్లి కూడా చేసేశారు!"

"ఎవరే?" అంది వదిన.

"రాంగ్ నంబరు."

మర్నాడు ఇద్దరికి వండాను. మూత తీసి ఆగిపోయింది.

"ఇంత ఎవరికి?"

"దొంగలకు ఆకలెక్కువ వదినా. కూర్చోండి."

నన్ను ఎగాదిగా చూసి కూర్చుంది. ఓ ముద్ద తిని, "కూరలో ఉప్పు తక్కువైంది. ఏదో దాస్తున్నావు నువ్వు. రేపు మళ్లీ వెతకాల్సిందే," అంది.