నల్లచేవ కాయలు ముందే రాలిన ఏడు

అటవీశాఖ నర్సరీలో ఆమెను అందరూ గడియారమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా మొక్కలు పెంచుతోంది, ఒక్కరోజూ ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు. నల్లచేవ గింజల విషయంలోనైతే మరీ చాదస్తం. ఆ జాతి చెట్లు కొండమీద తొమ్మిదే మిగిలాయి. కాయ పండి పది రోజులు దాటితే గింజ మొలవదు. అందుకే అవి పండే వేళకి, ఏటా జూన్ పన్నెండున గొడుగూ గోనెసంచీ పట్టుకుని ఠంచనుగా కొండెక్కుతుంది.

ఈసారీ అలాగే వెళ్లింది. తీరా చూస్తే కాయలన్నీ ఎప్పుడో రాలి, పురుగు తొలిచి, పిప్పై పడున్నాయి. ఎండలు మండిపోయి మూడు వారాల ముందే పండిపోయాయి. పైగా రెండు చెట్లు నిలువునా ఎండాయి. గడియారమ్మ ఖాళీ సంచీ మడిచి చంకన పెట్టుకుంది. ఈ ఏడు ఒక్క మొక్కా లేనట్టే!

ఇంటికొచ్చి ఆ కోపమంతా భర్త మీద చూపించింది. ఆయన దర్జీ. సూదిలో దారం ఎక్కిస్తూ తాపీగా అడిగాడు.

"ఇంతకీ నీ తేదీ సంగతి ఆ చెట్లకెవరు చెప్పారే?"

"ఇవాళ వంట నువ్వే చేసుకో, పో!"

అందే గానీ ఆ మాట మనసులో గుచ్చుకుంది. తెల్లారేసరికి తొమ్మిదో చెట్టు గుర్తొచ్చింది. అది కొండ కొసన, చల్లటి చోట ఒంటరిగా ఉంటుంది. దాని కాయలు పన్నెండో తారీఖుకి ఎప్పుడూ పచ్చిగానే ఉంటాయని, సోమరిపోతని తిట్టి వదిలేసేది. మోకాళ్లు మొరాయిస్తున్నా భర్తను వెంటేసుకుని ఎక్కింది. కాయలు అప్పుడే పండి నల్లబడుతున్నాయి!

"తప్పయిపోయింది తల్లీ," అంటూ చెట్టును కావలించుకుంది.

"నాకెప్పుడైనా ఈ మాట చెప్పావా?" అన్నాడు దర్జీ.

నలభై ఒక్క గింజలు దొరికితే పంతొమ్మిది మొలిచాయి. మరుసటి వానలకు వాటిని కింద పాత చెట్ల దగ్గరే నాటమన్నాడు ఆఫీసరు.

"అక్కడ మాడిపోతాయి సార్. పైన నాటుదాం."

"అంత పైకి ఎవరెక్కుతారమ్మా?"

"నేనెక్కుతా."

మూడు రోజులు మోసి పంతొమ్మిదీ పైనే నాటింది. అవి కాపుకొచ్చేది ముప్పై ఏళ్లకి. ఆమెకిప్పుడు యాభై ఎనిమిది. వాటి గింజలు ఏరేవాళ్లు ఎవరో, అప్పటికి ఎండలెలా ఉంటాయో! తన తేదీని నమ్మి వాళ్లూ మోసపోతారేమోనని భయమేసింది. నర్సరీ రిజిస్టరు తీసి, తొలి ఏడాది తన చేత్తో రాసిన తేదీని కొట్టేసింది. ఏడుపొచ్చింది, అయినా కింద గుండ్రంగా రాసింది.

"తేదీని నమ్మొద్దు. వారానికోసారి వెళ్లి కాయను చూడండి."